మంచు తుపాకీ వెనక మనిషి

1959లో బ్యాట్‌మన్ 121వ సంచికలో మిస్టర్ జీరో అనే దొంగ మొదటిసారి కనిపించాడు. మంచు కురిపించే తుపాకీ తయారు చేస్తూ ప్రమాదంలో పడి, గడ్డకట్టే చలిలో తప్ప బతకలేని స్థితికి వచ్చిన శాస్త్రవేత్త. ఇంత ఘోరమైన శాపం నెత్తిన పడ్డ మనిషి చేసే పనల్లా నగలు కొట్టేయడం. ఎందుకంటే విలన్ కాబట్టి. 1960ల టీవీ సీరియల్ అతని పేరును మిస్టర్ ఫ్రీజ్‌గా మార్చింది, మనిషిని మాత్రం అలాగే వదిలేసింది. ఆ వేషం ముగ్గురు నటులు వేశారు, ఒకరి తర్వాత ఒకరు. ఎవరు వేసినా తేడా తెలియనంత పలచటి పాత్ర అది.

1992 సెప్టెంబరులో ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’లో ‘హార్ట్ ఆఫ్ ఐస్’ ఎపిసోడ్ ప్రసారమైంది. రచయిత పాల్ డీని, దర్శకుడు బ్రూస్ టిమ్. అరగంట కూడా లేని కార్టూన్. దాని రచనకు ఎమ్మీ అవార్డు వచ్చింది. పాత్రకు ప్రాణం పోయడం ఎలాగో నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను ముందు ఇదే చూడమంటాను.

డీని పాత సామగ్రిలో ఒక్కటీ పారేయలేదు. చలి సూటు, తుపాకీ, మంచులాంటి ఒళ్లు, అన్నీ ఉన్నాయి. వాటికి కారణం వెతికాడు, అంతే. ఒక శాస్త్రవేత్త అసలు చలితో ఎందుకు కుస్తీ పడతాడు? భార్య నోరాకు నయం కాని జబ్బు. మందు దొరికేదాకా ఆమెను గడ్డకట్టించి కాపాడుకోవాలని విక్టర్ ఫ్రీస్ తాను పనిచేసే కంపెనీ పరికరాలతోనే ప్రయోగం మొదలుపెట్టాడు. డబ్బు తగలేస్తున్నాడని యజమాని ఫెరిస్ బాయిల్ కాపలావాళ్లను వెంటేసుకుని వచ్చాడు. విక్టర్ బతిమాలాడు, చివరికి తుపాకీ లాక్కున్నాడు. బాయిల్ మెత్తగా మాట్లాడి, అతను తుపాకీ దించగానే రసాయనాల మీదకు తన్నాడు. ఇప్పుడు అదే బాయిల్ మానవతావాది అని సన్మానం చేయించుకుంటున్నాడు. ఇది విన్నాక ఆ మంచు తుపాకీ ఎవరి మీదకు తిరుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

దుఃఖం అతికించడం తేలిక. దాన్ని మోసే గొంతు దొరకడమే కష్టం. మైకేల్ అన్సారా ఈ పాత్రకు గొంతులో ఎత్తుపల్లాలు లేకుండా, యంత్రం పలికినట్టు మాటలిచ్చాడు. ఏడుపు ఎక్కడా పైకి రానివ్వడు, అందుకే ఏడుపు మనకొస్తుంది. ఒక దొంగతనంలో సొంత మనిషి కాళ్లే మంచులో బిగుసుకుపోతాయి. ఫ్రీజ్ ఒక్కసారి చూసి, వాణ్ణి అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు. కాపాడటానికి ఆగేది బ్యాట్‌మన్. భార్య కోసం ఒళ్లు పోగొట్టుకున్నవాడు, తన కూలివాడి కాళ్ల కోసం ఒక్క నిమిషం నిలబడడు. మనం అతని పక్షం వహించబోయే సరికి డీని ఈ దృశ్యం అడ్డం పెడతాడు. బాధ నిజం, దాని పేరుతో చేసిన పాపమూ నిజం. ఈ రెంటిలో ఏది తగ్గినా పాత్ర పలచబడుతుంది.

మాగ్నీటోది ఇంకా చిక్కు వ్యవహారం. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన ఈ ఎక్స్-మెన్ శత్రువు తన ముఠాకు తానే ‘దుష్ట మ్యూటెంట్ల సోదర సంఘం’ అని పేరు పెట్టుకున్నాడు. తాను దుష్టుణ్ణని చెప్పుకుని తిరిగే దుష్టుడు లోకంలో ఉంటాడా? 1975లో రచన చేపట్టిన క్రిస్ క్లేర్‌మాంట్ 1981లో, 150వ సంచికలో, అతని బాల్యాన్ని ఆష్విట్జ్‌కు ముడిపెట్టాడు. ఆ సంగతి ఎప్పుడు చెప్పించాడో గమనించాలి. కోపంలో కిట్టీ ప్రైడ్ అనే పదమూడేళ్ల పిల్లను దాదాపు చంపేసి, చేతిలో పడి ఉన్నది పసిపిల్ల అని గుర్తించినప్పుడు. తన వాళ్లను చంపినవాళ్ల పని తానూ చేయబోయాడు. గతం అతన్ని సమర్థించడానికి రాలేదు, బోనెక్కించడానికి వచ్చింది.

ఈ విద్య తెలుగువాళ్లకు తెలియనిదేమీ కాదు. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడితో పాటు దుర్యోధనుణ్ణీ తానే ధరించి, కొండవీటి వెంకటకవి మాటలతో అతని వాదన నిండుసభలో వినిపించాడు. ద్రౌపదికి జరిగిన అవమానం చెరిగిపోలేదు, కానీ సుయోధనుడి అభిమానం ఎక్కడ దెబ్బతిందో మనకు తెలిసింది.

అయితే ప్రతి విలన్‌కూ కన్నీటి గతం కావాలనడం నాకు నచ్చదు. జోకర్‌కు అది లేకపోవడమే బలం. 1988 నాటి ‘ది కిల్లింగ్ జోక్’ ఒక గతం చూపించి, అది నిజమో కాదో అతనికే నమ్మకం లేదని చెప్పి తప్పుకుంది. మంచి నిర్ణయం. ఉన్న కారణాన్ని లాగేయడం మాత్రం నష్టమే. 2012లో వచ్చిన బ్యాట్‌మన్ వార్షిక సంచికలో నోరా అసలు అతని భార్యే కాదు, ఎప్పుడో గడ్డకట్టించిన అపరిచితురాలు, ఫ్రీజ్‌ది వట్టి భ్రమ అన్నారు. చదివేటప్పుడు ఉలికిపాటు తప్పదు, కానీ పిచ్చివాడన్నాక అతనితో వాదించడానికి ఏం మిగిలింది?

2019లో డిటెక్టివ్ కామిక్స్ రచయిత పీటర్ టొమాసీ మరో వైపు నుంచి వచ్చాడు. నోరా మళ్లీ భార్యే. ఈసారి ఆమె కళ్లు తెరుస్తుంది. అన్నేళ్లూ గాజుపెట్టెలో కారణంగా మాత్రమే నిలబడిన మనిషికి సొంత ఇష్టాలున్నాయి, సొంత దురాశ ఉంది. తానూ నేరాల్లోకి దిగి, చివరికి భర్తనే వదిలి తన దారిన పోతుంది. ఫ్రీజ్ కోరింది దక్కింది. ఆమెకేం కావాలో అతను ఒక్కసారీ అడగలేదు.