719వ నంబరు గది

ఇల్లు విడిచి వచ్చిన మానవుడు, తన పలుకుబడిని, పరువుప్రతిష్ఠలను, ఇరుగుపొరుగువారి చూపులను ఊరియందే వదలి, తనకు పూర్వ మెవరు నిద్రించిరో, తన తరువాత నెవరు నిద్రింతురో ఎఱుగని మంచముపై కూర్చుండిన క్షణమున, అతని స్వభావము స్వగృహమునం దెన్నడును కానరానంత స్పష్టముగా బయటపడును. ఈ సత్యమును గుర్తించి, ఒకే హోటలునందు, వీలైనచో ఒకే గదియందు, పరస్పరసంబంధము లేని మూడు నాలుగు కథలను నడపి, వాని నన్నిటిని ఒక్క హాస్యచిత్రముగా కూర్చు సంప్రదాయ మొకటి అమెరికా చలనచిత్రరంగమున వర్ధిల్లినది. నీల్ సైమన్ నాటకము నాధారముగా గొని ఆర్థర్ హిల్లర్ 1971లో దర్శకత్వము వహించిన ‘ప్లాజా సూట్’ ఆ సంప్రదాయమునకు పరాకాష్ఠ యని నా నిశ్చితాభిప్రాయము.

దీనికి పూర్వరంగ మనదగినది 1932లో వెలువడిన ‘గ్రాండ్ హోటల్’. విక్కీ బామ్ జర్మను భాషలో రచించిన నవలకు ఎడ్మండ్ గౌల్డింగ్ కల్పించిన ఆ చిత్రరూపమునందు, బెర్లిను నగరపు హోటలులో దిగిన నర్తకియు, అప్పులపాలైన ప్రభువును, మరణాసన్నుడైన గుమాస్తాయు ఒకరి జీవితమున కొకరు అడ్డుపడుచు పోవుదురు. అందలి ప్రధానరసము కరుణము. 1960లో జెర్రీ లూయిస్, మయామీ బీచిలోని ఫాంటెన్‌బ్లో హోటలునందు, తానే దర్శకుడై తానే నాయకుడై తీసిన ‘ది బెల్‌బాయ్’లో కథయే లేదు, పెట్టెలు మోయు సేవకు డొకడు, దాదాపు చిత్రమంతయు నోరు మెదపక, ఒక హాస్యచేష్టనుండి మఱియొక చేష్టకు సాగిపోవును. హోటలు గదిని మూడు గోడలును ఒక తలుపును గల నాటకశాలగా చూచి, దానియందు సంపూర్ణములైన కథలను ప్రతిష్ఠించినవాడు సైమన్.

సింహాసనద్వాత్రింశిక నెఱిగిన తెలుగువారికి కథామాలిక క్రొత్త కాదు. కొఱవి గోపరాజు కావ్యమునందు కథలన్నిటికిని సింహాసన మాధారము. ఐనను అందు సింహాసనపు ప్రతిమలు నోరు విప్పి కథ చెప్పును, భోజరాజు నిలిచి వినును. సైమన్ గదికి నోరు లేదు, వినువాడును లేడు. మొదటి కథలోని భార్య పడిన వేదన రెండవ కథలోని వనితకు తెలియదు. తెలిసినవాడు ప్రేక్షకు డొక్కడే. అదే గదిలోనికి, అదే తలుపు తెఱచుకొని, మఱియొకరు నవ్వుచు ప్రవేశింపగనే, అతని మనస్సునందు గడచిన కథ మేల్కొని, వచ్చుచున్న కథకు లోతు నిచ్చును. సంబంధము లేని కథలను సంబంధింపజేయు మర్మ మిదియే.

1968 ఫిబ్రవరి 14న న్యూయార్కు బ్రాడ్వేపై, మైక్ నికల్స్ దర్శకత్వమున మొదలైన ‘ప్లాజా సూట్’ నాటకము వేయికి మించిన ప్రదర్శనములు పొందినది. సైమన్ తొలుత నాలుగు కథలు తలచెను. నాలుగవది పెరిగి 1970లో ‘ది అవుట్ ఆఫ్ టౌనర్స్’ అను వేఱు చిత్రమైనది. మిగిలిన మూడును, 1907లో వెలసిన ప్లాజా హోటలులోని 719వ నంబరునందు జరుగును.

మొదటి కథలో, మధ్యవయస్కురాలైన కారెన్, తమ వివాహానంతరము తొలిరాత్రి గడపిన గదినే వార్షికోత్సవమునకై తీసికొనును. భర్త సామ్ వచ్చును. కాని అతని మనస్సు కాగితములయందును, తన దేహము సన్నబడుటయందును, తుదకు తన కార్యదర్శినియందును లగ్నమై యున్నది. పెండ్లియై ఎన్ని సంవత్సరములైనదో అనుదానిపై ఆ దంపతులు చేయు వాదము మనల నవ్వించును. నవ్వుచున్నప్పుడే, ఆ లెక్క కుదురకుండుట యెంత ప్రమాదసూచకమో మనకు స్ఫురించును. భర్త వెడలిన పిమ్మట షాంపేను సీసాతో వచ్చిన పరిచారకుడు, అయ్యగారు తిరిగి వత్తురా యని మామూలుగా నడుగును. పరాయివాడు, ఏమియు నెఱుగనివాడు, వృత్తిమర్యాదతో అడిగిన ఆ ప్రశ్న, భార్యాభర్త లంతవఱకు ఆడుకొన్న మాటలన్నిటికంటె గట్టిగా తగులును. హోటలు కథకు మాత్రమే లభించు సాధనము పరిచారకుడు. ఇంటి కథలో అట్టి అమాయకపు సాక్షి దొరకడు.

రెండవ కథలో, హాలీవుడ్ నిర్మాత యొకడు తన చదువుకొన్ననాటి ప్రియురాలిని, ఇప్పు డొకరి ఇల్లాలైన మ్యూరియెల్‌ను, గదికి రప్పించును. ఆమె కతనికంటె అతని యెఱుకలోని తారల ముచ్చట్లే ప్రియములు. ఇది చక్కని కథయే కాని, ఒక్క గుణముపై నడచును గనుక త్వరగా తెలిసిపోవును.

మూడవదానివద్ద నిలువవలెను. క్రింది హాలులో వివాహమునకు అతిథులు కూడియుండగా, పెండ్లికూతురు మిమ్సీ స్నానపుగదిలో తాళము వేసికొని బయటికి రాదు. తండ్రి రాయ్ బ్రతిమాలును, గద్దించును, క్రింద క్షణక్షణము పెరుగుచున్న వ్యయమును బిగ్గరగా లెక్కించును, భుజముతో తలుపును డీకొని భుజమును గాయపఱచుకొనును. తల్లి నార్మా ఫోనులో వరుని తల్లిదండ్రులతో అంతయు సవ్యముగా నున్నదని మధురస్వరమున పలుకును. తుదకు రాయ్ కిటికీనుండి వెలుపలి గోడయంచుపైకి ప్రాకి, వర్షమున తడిసి, చినిగిన పెండ్లికోటుతో మరలివచ్చును. ఇం దంతటను రచయిత చేసిన పని యొక్కటే: తలుపును మూసియుంచుట. కన్య కానరాదు, వినరాదు. ఆ శూన్యమున తండ్రి కోపమును, తల్లి భయమును, వారి దాంపత్యపు పాతకలహమును ఒక్కొక్కటిగా వచ్చి చేరును. బిడ్డ యేల దాగినదో తెలియువేళకు నవ్వు గొంతున చిక్కుకొనును: తానును తన వరుడును కాలక్రమమున తన తల్లిదండ్రులవలె మాఱిపోవుదురను భయమే దానికి కారణము. పిమ్మట వరుడు వచ్చి, తలుపువద్ద నొక చిన్నమాట అనినంతనే ఆమె బయటికి వచ్చును. పెద్దలు ఇంతసేపు పడిన శ్రమకు ఆ యొక్కమాట యెట్టి తీర్పో!

ఈ క్రమమును తలక్రిందులు చేసినచో చిత్రము నశించును. మొదటి కథలో విడిపోవుచున్న దంపతులను చూచియున్నాము గనుకనే, మూడవ కథలోని కన్య భయము బాలిశముగా తోపదు. ప్రహసనమునకు వలసిన గంభీరత ముందే సమకూడియున్నది.

వాల్టర్ మాథౌ మూడు కథలలోను పురుషపాత్రను ధరించెను. స్త్రీపాత్రలను మౌరీన్ స్టేపుల్టన్, బార్బరా హారిస్, లీ గ్రాంట్ వరుసగా పోషించిరి. ఒకే నటుడు మూడు ముఖములతో కనబడుట గదియొక్క ఏకత్వమును దృఢపఱచు ఉపాయమే యైనను, రెండవ పాత్రలో వేషము నటనను మించినది; రాయ్ పాత్రలో మాత్రము అతని దేహమంతయు హాస్యమైనది.

సైమనే 1976 నాటి మఱియొక నాటకమునుండి మలచిన ‘కాలిఫోర్నియా సూట్’ను హెర్బర్ట్ రాస్ 1978లో బెవర్లీ హిల్స్ హోటలు నేపథ్యముగా తీసెను. నాటకమునందు వరుసగా నున్న నాలుగు కథలను చిత్రము ముక్కలుచేసి కలగలిపినది. వేగము పెరిగినది, బిగువు తగ్గినది. ఐనను లండనునుండి వచ్చిన నటి కథ వజ్రతుల్యము. ఆస్కారు బహుమతికై వచ్చి, ఓడి, త్రాగి గదికి మరలి, మైకేల్ కెయిన్ పోషించిన భర్తతో చేదును ప్రేమను కలిపి మాటలాడు ఆ పాత్రకు మాగీ స్మిత్ నిజముగనే ఆస్కారు పొందెను. 1995లో నలుగురు దర్శకులు పంచుకొని తీసిన ‘ఫోర్ రూమ్స్’లో సేవకుడైన టిమ్ రాత్ కథలకు సూత్రము, రాబర్ట్ రోడ్రిగెజ్ తీసిన పిల్లల యల్లరి దక్క, మిగిలినవానియందు గదికంటె దర్శకుని గారడి ఎక్కువ.

మన చలనచిత్రరచయితలు ఈ పద్ధతిని చేపట్టవలెనని నా ప్రార్థన. తిరుపతి లాడ్జీలోని ఒక్క గదికి ఒక్క వారమునందు మ్రొక్కు తీర్చుకొనవచ్చిన వృద్ధదంపతులును, పెండ్లివారును, ఉద్యోగపరీక్షకు వచ్చిన యువకుడును రాగలరు. ఏకాంకికలు వ్రాసి చేయి తిరిగిన రచయితలు మనకు కలరు; భారీ వ్యయముతో పనిలేదు. పాఠకులును ‘ప్లాజా సూట్’ లభించినచో, మూడవ కథ నవ్వించునని విని నేరుగా దానికి పోక, మొదటి కథనుండి వరుస తప్పక చూతురు గాక.