పెద్దలు ఎక్కడనుండి వచ్చిరి?
ఒక పాత పుస్తకమును గూర్చి



సంఘములో క్రొత్త పెద్దలను ఏర్పరచుకొనవలసిన సమయము వచ్చినప్పుడెల్ల మన గ్రామములలో ఒకే మాట వినబడును: "తగిన మనుష్యులు లేరండీ!" చెరుకుపల్లి చుట్టుపట్లనేమి, రేపల్లె వైపుననేమి, బాపట్ల వైపుననేమి, నేను వెళ్లిన పల్లెలలో ఈ మాట వినని యేడు లేదు. ఒకరు చదువు లేదందురు, ఒకరు తీరిక లేదందురు, మరియొకరు నోరు తిరుగు మనిషి లేడందురు. తుదకు క్రిస్మసు పందిరికి ఎక్కువ చందా ఇచ్చినవారినో, గుడికి మైకుసెట్టు కొనిపెట్టినవారినో పెద్దగా నిలువబెట్టి, మరుసటి యేడు ఆయనమీదనే సణుగుకొందుము. కొన్ని చోట్ల ఈ సణుగుడు ముదిరి కోర్టు మెట్ల వరకు పోయినది. తగిన మనుష్యులు లేరను మాట నిజమేనా? లేక ఉన్నవారు మన కంటికి ఆనుటలేదా? ఈ ప్రశ్నతో నేను ఒక పాత పుస్తకమును మరల చదివితిని. దాని గుణదోషములను మీతో చెప్పవలెనని తోచినది. అది ఇంగ్లీషు పుస్తకము గనుక మీలో అనేకులు చూచియుండరు.

ఆ పుస్తకము పేరు "వైల్ సూయింగ్ శాండల్స్". "చెప్పులు కుట్టుచుండగా" అని మనము చెప్పుకొనవచ్చును. 1899వ సంవత్సరములో అచ్చయినది. వ్రాసినవారు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారు, అనగా ఒంగోలులో బాప్తిస్టు మిషనరీగా పనిచేసిన జాన్ క్లౌ దొరగారి రెండవ భార్య. మాదిగవారి పూర్వపు కథలు, అరుంధతి కథ, మాతంగి కథ, వారు వెదకుకొనుచు పోయిన గురువుల సంగతులు, ఆ తరువాత సువార్త వారిలోనికి వచ్చిన విధము ఇందులో ఉన్నవి. పేరులోనే ఒక ముల్లు ఉన్నదని ముందే చెప్పవలెను. అట్టమీద ఆ ప్రజలకు "పరయా జాతి" అని పేరు పెట్టబడినది. అది అరవదేశమునుండి దొరలు ఎత్తుకొన్న మాట. మన తెలుగు మాదిగవారు తమ్మును తాము ఆ పేరున ఎన్నడును పిలుచుకొనలేదు. సీమలోని చదువరులకు అర్థమగుటకు అట్లు పెట్టిరేమో గాని, ఎవరి కథ చెప్పుచున్నారో వారి పేరే వారికి ఇయ్యకపోవుట తగదు.

ముల్లు తీసివేసి చదివితిమా, లోపల మంచి గింజ ఉన్నది. ఆ గింజ ఎర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య కనిగిరి ప్రాంతమున తాళ్లకొండపాడు దగ్గరివాడు, తోళ్ల వర్తకుడు. తోళ్ల బేరము మీద ఊరూరు తిరిగి, ఉత్తరముగా ఏలూరు వరకు పోయినవాడు. అచ్చట చర్చి మిషను అలెగ్జాండరు దొరగారి యొద్ద యేసుక్రీస్తును గూర్చి వినెను. తరువాత 1866లో జూయెట్ దొరగారి చేత, తన భార్య నాగమ్మతో కూడ, బాప్తిస్మము పొందెను. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది ఆ సంవత్సరము సెప్టెంబరులో. అనగా, మన ప్రసంగములలో ఒంగోలు ఉజ్జీవమును మొదలుపెట్టినవాడని చెప్పబడు దొరగారు ఆ ఊరికి రాకమునుపే, పల్లెలో ఆ పనికి మనిషి సిద్ధముగా ఉండెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు దానిలో చేరినవారు ఎనిమిదిమందే. అదే నెలలో దొరగారు తాళ్లకొండపాటి దగ్గర చింతతోపులో గుడారము వేయగా, చుట్టుప్రక్కల పల్లెల జనులు కొన్ని దినములకు సరిపడు తిండి మూటలు కట్టుకొని వచ్చిరి. ఇరువది ఎనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. మూటలు కట్టుకొని రమ్మని వారికి చెప్పినది ఎవరు? దొరగారు అప్పటికి ఆ పల్లెలను చూడనైన లేదు.

ఈ పుస్తకము యొక్క గొప్పతనము ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. సాధారణముగా మిషను పుస్తకములలో ఒక దేశీయ క్రైస్తవుని కథ అతని బాప్తిస్మముతో మొదలగును. అంతకుముందున్నదంతయు చీకటి అని ఒక్క ముక్కలో కొట్టివేయుదురు. దొరసానిగారు అట్లు చేయలేదు. పేరయ్య క్రైస్తవుడు కాకమునుపు ఎట్టివాడో ఓపికతో చెప్పిరి. ఆయన రాజయోగము నేర్పు గురువుల యొద్దకు పోయినవాడు. ఒక స్త్రీ గురువు యొద్ద కూడ ఉపదేశము పొందెను. విగ్రహములతో తృప్తిపడక, దేవుడు ఎక్కడనున్నాడని అడుగుచు, కడుపు నింపని ఆ ప్రశ్న కొరకు పని మానుకొని కూర్చుండిన మనిషి. అట్టివాని చుట్టును అప్పటికే వినువారు చేరియుండిరి. ఆయన ఏలూరునుండి తిరిగి వచ్చి చెప్పిన సంగతిని వారు నమ్ముటకు కారణము ఆ సంగతి యొక్క బలము మాత్రమే కాదు. పేరయ్య పనికిమాలిన సంగతులు మోసికొని వచ్చువాడు కాడని వారు ఏండ్ల తరబడి చూచియుండిరి.

ఇప్పుడు మన పెద్దల యెన్నికలను దీని ప్రక్కన పెట్టి చూడుడి. పల్లెలో రాత్రివేళ ఇంటిలో జగడమైతే ఎవరి తలుపు తట్టుదురు? బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ప్రార్థనకు ఎవరిని పిలుతురు? నాట్ల కూలి లెక్కలో తేడా వచ్చినప్పుడు ఎవరు చెప్పిన మాటకు ఇరుపక్షములవారును లోబడుదురు? ఆ మనిషి పేరు ప్రతి పల్లెలోను అందరికిని తెలియును. అయినను ఎన్నిక దినమున ఆ పేరు ఎవరి నోటను రాదు, ఏలయనగా ఆయనకు తెల్లచొక్కా లేదు, సభలో లేచి మాటలాడుటకు సిగ్గు. మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహాను నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయములో మీరు చదివియున్నారు. దేవునికి భయపడువారు, నిజము తప్పనివారు, లంచము ముట్టనివారు ఎవరో చూచి వారికి పని పంచిపెట్టుమని ఆయన చెప్పెను. అట్టివారు జనులలో ముందే ఉన్నారని ఆ సలహాలో అణగియున్నది. మోషే వారిని కనుగొనవలెను, అంతే.

ఇట్లనినందున చదువు అక్కరలేదని నేను చెప్పుచున్నట్లు తలంపవద్దు. వేదపాఠశాలలో చదివిన నేనే ఆ మాట అనిన నవ్వుబాటగును. వరుస ఏదియో గమనింపుడని మాత్రము నా మనవి. పేరయ్య బాప్తిస్మము పొందిన ఆరేండ్లకు, 1872లో, రామాయపట్నములో బాప్తిస్టువారి వేదపాఠశాల పుట్టినది. ముందు పని, పనిలో కనబడిన మనుష్యులు, ఆ మనుష్యులకు కావలసిన బోధ. మనము ఇప్పుడు యౌవనుని ముందు పాఠశాలకు పంపి, పట్టా చేతికి వచ్చిన పిమ్మట, అతడు మనుష్యులతో ఎట్లు మెలగునో చూతమని కూర్చుండుచున్నాము. చూచుసరికి అతనికి ముప్పది యేండ్లు వచ్చును, సంఘమునకు తలనొప్పి వచ్చును.

ఇంకొక పుస్తకమును కూడ దీనితో పోల్చవలెను. క్లౌ దొరగారు 1910లో నిద్రించిరి. ఆయన చెప్పగా ఈ దొరసానిగారే వ్రాసిన ఆయన జీవితకథ 1914లో వెలువడినది. రెండును ఒకే చేతి వ్రాతలు. కాని మొదటిదానిలో మాటలాడువారు పల్లెవారు, రెండవదానిలో మాటలాడునది "నేను" అను దొరగారు. దొరగారి కథ గనుక అది న్యాయమే. చిక్కు ఎక్కడనగా, మన ప్రసంగికులు రెండవ పుస్తకపు కథనే ఎత్తుకొనిరి, మొదటిది మరుగున పడెను. 1877-78 కరవులో దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపిన సంగతి, 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీరు ఎన్నిసారులు వినియుందురో! ఆ సంఖ్య మన పిల్లలకు సహితము కంఠతా వచ్చును.

ఆ దినమున నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఎవరో ఎంతమందికి తెలియును? దొరగారు ఇయ్యలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని ఇచ్చిరి. కాలువపనిలో కూలీల గుంపులపై మేస్త్రీలుగా నిలిచి, మధ్యాహ్నపు విరామములో వారితో కూర్చుండి మాటలాడినవారును బోధకులే. కరవు కూటికొరకు వచ్చువారిని చేర్చుకొనరాదని దొరగారు పదునైదు నెలలు బాప్తిస్మములు ఆపివేసినప్పుడు, పల్లెలలో ఆ జనులకు జవాబు చెప్పుకొనవలసి వచ్చినదియు వారికే. సంఖ్యను జ్ఞాపకముంచుకొని మనుష్యులను మరచితిమి. మరచిన తరువాత, నాయకులు ఎక్కడనో పైనుండి వత్తురని ఎదురు చూచుట మనకు అలవాటైనది. దొరలు వెళ్లిపోయి ఎంత కాలమైనను ఆ అలవాటు వెళ్లలేదు.

అయితే 1914 నాటి పుస్తకములో పెద్దరికమును గూర్చి నేర్చుకొనదగిన సంగతి ఒకటి ఉన్నది. దానిని విడువరాదు. క్రొత్తగా చేరువారికి దొరగారు మూడు నియమములు పెట్టిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్నవి. కాని ఆ దినములలో మాదిగవాడు ఆదివారము రానని రైతుతో చెప్పుట, జాతరలో డప్పు కొట్టనని కరణముతోను మునసబుతోను చెప్పుట ఏమగునో ఆలోచింపుడి. నీళ్లు ఆగును, గింజలు ఆగును, కల్లములో రావలసిన మేర ఆగును. ఊరిలోనికి పోయి ఆ మాట చెప్పవలసినవాడు పల్లెపెద్ద. తన ఇంటిలో పిల్లలు పస్తున్నను, తోడివారు లొంగిపోదమని బ్రతిమాలినను, నిలువవలసినవాడు ఆయనయే. దొరగారు పల్లెలలో అంతకుముందున్న పెద్దరికపు కట్టును పగులగొట్టక, దానినే సంఘమునకు వాడుకొనిరి. ఇది వివేకమైన పని. దానిలో అపాయమును లేకపోలేదు, ఏలయనగా తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు వచ్చు పెద్దరికము సంఘములోనికి వచ్చినప్పుడు, విశ్వాసము లేని కొడుకును తండ్రి కుర్చీ అడుగును. ఈ అపాయమును గూర్చి ఆ పుస్తకము తగినంత చెప్పలేదని నాకు తోచుచున్నది. మనము దానిని నేటికిని అనుభవించుచున్నాము.

ఇక మొదటి పుస్తకములో నాకు కనబడు పెద్ద లోపము నాగమ్మ. 1866లో జూయెట్ దొరగారి యెదుట నిలిచినవారు ఇద్దరు. పేరయ్యకు దొరికిన చోటులో నాలుగవ వంతయినను ఆమెకు దొరకలేదు. భర్త తోళ్ల బేరమునకును, తరువాత ప్రకటనకును ఊరూరు తిరుగుచుండగా, వచ్చిపోవువారికి అన్నము పెట్టి, వాకిట కూర్చుండిన స్త్రీలతో మాటలాడినది ఎవరు? స్త్రీ గురువును గూర్చి చెప్పుటకు చోటు చేసిన దొరసానిగారు, తానును స్త్రీయై యుండి, ఈమెకొరకు ఒక అధ్యాయమైనను కేటాయింపవలసినది. తరువాతి కాలమున దోర్నకల్లులో అజరయ్య బిషపుగారు ఈ సంగతిని బాగుగా గ్రహించిరి. 1912లో బిషపు అయిన ఆయన, గ్రామోపదేశులను తరిఫీదు చేయుటలో వారి భార్యలకు కూడ బోధ ఏర్పాటు చేసిరి, ఏలయనగా పల్లెలో ఉపదేశి పని సగము అతని వంటింటినుండి జరుగునని ఆయనకు తెలియును. మన పాస్టరేటులలో పెద్దల జాబితా చూడుడి, ఆ తరువాత బుధవారపు కూటములను నడుపుచున్నవారెవరో చూడుడి. ఈ రెండు జాబితాలలో పేర్లు ఒకటిగా ఉన్న సంఘములు నాకు బహు కొద్దిగా కనబడినవి.

లోపములు ఎన్ని చెప్పినను, ఇంగ్లీషు వచ్చిన యౌవనులు ఈ పుస్తకమును సంపాదించి, సాయంకాలపు కూటములలో తెలుగున చెప్పి వినిపింపవలెనని నేను కోరుచున్నాను. అట్లు చెప్పునప్పుడు వెల్లంపల్లి సంఖ్య దగ్గరకు పరుగెత్తవద్దు. పేరయ్య గురువులను వెదకుచు తిరిగిన అధ్యాయములు మన విశ్వాసమునకు సంబంధింపనివని దాటవేయవద్దు. అవి చదువునప్పుడు వెనుక వరుసలో కూర్చుండిన ముసలివారు తమ తాతలను గూర్చి ఏదియో చెప్పబోవుదురు. చదువుట ఆపి వారిని చెప్పనియ్యుడి, వీలైన వ్రాసికొనుడి.