రెండోది ఉందిలే అన్న ధీమా

కంట్రోల్ ప్యానెల్ తలుపు తీసి, పక్కపక్కన రెండు 24 వోల్టుల డీసీ పవర్ సప్లయ్‌లు కనిపించగానే చాలామంది తృప్తిగా తలుపు వేసేస్తారు. నేను వేయను. "రెండున్నాయి కదండీ, ఒకటి పోతే ఏటవుద్ది?" అని పైడిభీమవరం వైపు కుర్ర టెక్నీషియన్లు నన్ను అడుగుతుంటారు. ఏమవుతుందో లోడు లెక్క కడితే తెలుస్తుంది. 10 ఆంపియర్లవి రెండు పెట్టి 15 ఆంపియర్లు లాగుతుంటే ఒకటి పోయిన క్షణానే రెండోదీ చతికిలబడుతుంది. పీఎల్‌సీ ఆగిపోతుంది, దానితోపాటే రియాక్టర్‌లోని బ్యాచ్. ప్యానెల్ కట్టిన రోజున లెక్క సరిగ్గానే ఉండి ఉంటుంది. ఏటేటా ఇంకో సెన్సారు, ఇంకో వాల్వు తగిలిస్తూ పోవడంతో వచ్చిన చిక్కిది.

ప్లస్సుకు ప్లస్సు, మైనస్‌కు మైనస్ కలిపేస్తే పనైపోదు. ఒకదాని వోల్టేజీ రవ్వంత ఎక్కువున్నా, జోడెద్దుల్లో ఒకటే కాడి మోసినట్టు, లోడంతా దానిమీదే పడుతుంది. అది కాగుతుంది. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. అందుకే స్క్రూ తిప్పి రెండిటి వోల్టేజీ సమానం చేయాలి. ఇక ఒకదాని అవుట్‌పుట్ లోపల షార్టయిందా, బాగున్నదాన్నీ లాగేస్తుంది. ఒక్కోదానికి ఒక డయోడ్ పెట్టేది ఇందుకే. డయోడ్ అర వోల్టు తింటే 20 ఆంపియర్ల దగ్గర 10 వాట్ల వేడి. మాస్‌ఫెట్ మాడ్యూల్‌కు ఆ బాధ బాగా తక్కువ, ధర ఎక్కువ. మన రేకుల షెడ్లలో మే నెల ఎండకి ఆ డబ్బు పెట్టడమే నయం.

రెండిటికీ ఒకే ఎంసీబీ నుంచి కరెంటు ఇవ్వడం మరో తెలివి! వేర్వేరు ఫేజుల నుంచి ఇవ్వాలి. అయితే 2018 అక్టోబరు 11న తితిలీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా స్తంభాలే ఒరిగిపోతే ఏ ఫేజూ ఆదుకోదు. అక్కడ కావలసింది బ్యాటరీ, జనరేటరు. జంట ఉంది కదా అని బ్యాటరీ ఖర్చు మిగుల్చుకునే యజమానులకు ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

నాకు అన్నిటికన్నా చిరాకు, సప్లయ్ పోతే సంకేతమిచ్చే 'డీసీ ఓకే' రిలే సంగతి. ఈ రిలే ఉన్న సప్లయ్‌నే డబ్బు పోసి కొంటారు, తీరా దానికి వైరు తగిలించరు. మొదటిది చచ్చినా ప్లాంటు నడుస్తూనే ఉంటుంది కనక ఎవరికీ తెలియదు. రెండోది పోయిన రాత్రి మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఈసారి బ్యాచ్ ఖాళీ అయ్యాక, వాల్వులన్నీ ఆన్ చేసి, ఒకదాని ఎంసీబీ దించి అరగంట చూడండి. తర్వాత రెండోదాన్నీ అలాగే. కంట్రోల్ రూములో అలారం మోగకపోతే ఆ రోజే రిలేకి వైరు కలపండి.