ప్రత్యర్థులకు తెలుసు, పార్ట్‌నర్‌కి తెలియదు

బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లోకి ఏ అర్ధరాత్రి వెళ్లినా ఆడేవాళ్లకు కరువు లేదు. కుదరనిదల్లా మనకెదురుగా కూర్చునే ఆ ఒక్కరే. 2001లో మొదలైన ఈ బ్రిడ్జ్ పేకాట వేదికలో ఎవరి స్థాయిని వాళ్లే రాసుకుంటారు. నోవిస్ నుంచి వరల్డ్ క్లాస్ దాకా ఏదైనా పెట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఆ మాటను నేను చదవను. దాని కింద ఏ పద్ధతి ఆడతారో రాశారా అన్నదే చూస్తాను. ‘స్టాండర్డ్ అమెరికన్, నోట్రంప్ 15–17, ట్రాన్స్‌ఫర్లు’ అని ఒక్క ముక్క రాసినా చాలు, ఆ మనిషికి ఎదుటివాడి సంగతి కాస్త పట్టినట్టే.

ఇంకా నమ్మకమైన దారి కిబిట్జింగ్. బల్ల పక్కన చేరి ఊరికే చూడడం. నలుగురి ముక్కలూ కనిపిస్తుంటే తప్పులు పట్టడం ఎవరికైనా తేలికే, కాబట్టి వాటికి మార్కులు వేయకూడదు. డిఫెన్స్‌లో పార్ట్‌నర్ వేసిన చిన్న ముక్కను గమనించి ఆడుతున్నారా, బోర్డు పోయాక చాట్‌లో ఏం టైప్ చేస్తున్నారు, ఈ రెండే నాకు కావాలి.

ఆన్‌లైన్‌లో ఒక తమాషా ఉంది. క్లబ్బులో ముఖాముఖి ఆడేటప్పుడు మన బిడ్‌కి ప్రత్యేకార్థం ఉంటే ‘అలర్ట్’ అనాల్సింది పార్ట్‌నర్. ఇక్కడ ఎవరి బిడ్‌కి వాళ్లే వివరణ రాస్తారు, అది ప్రత్యర్థులకే కనిపిస్తుంది. ఒకసారి అప్పుడే కలిసిన పెద్దమనిషి వన్ నోట్రంప్ తెరిచారు. నా దగ్గర ఐదు ఇస్పేట్లు, రెండు ఆఠీన్లు, పాయింట్లు అంతంతమాత్రం. ట్రాన్స్‌ఫర్ లెక్కన ఇస్పేట్లు అడుగుతూ టూ హార్ట్స్ (ఆఠీన్లు) చెప్పి, ‘ఐదు ఇస్పేట్లు’ అని వివరణ పెట్టాను. కుడిపక్క వారికీ ఎడమపక్క వారికీ విషయం అందింది. తెలియాల్సిన ఆయన మాత్రం పాస్! ఆయన ఆఠీన్లు మూడు. అంటే అవతలి జట్టు చేతిలో ఎనిమిది తురుపులు పెట్టుకుని నేను ఎనిమిది పట్లు తియ్యాలి. డబుల్ చెప్పకుండా వదిలేశారు, అది వాళ్ల దయ.

ఇలాంటి చోట చాలామంది మాటాపలుకూ లేకుండా బల్ల వదిలిపోతారు. ఈయన డమ్మీ పరిచి, ‘ట్రాన్స్‌ఫర్ మరిచాను, తప్పు నాదే’ అని రాశారు. తర్వాతి బోర్డు మొదలయ్యేలోపే స్టేమన్, జాకోబీ, బ్లాక్‌వుడ్ బిడ్డింగ్ పద్ధతులు మూడూ మాట్లాడి ఖరారు చేశారు. ఆ పూట గట్టిగానే ఓడాం. లేచే ముందు ఆయన్ను ఫ్రెండ్స్ జాబితాలో కలుపుకున్నాను.

రోబోలున్నాయిగా అనొచ్చు. మాథ్యూ గిన్స్‌బర్గ్ సృష్టించిన జిబ్ అనే రోబో అలగదు, బల్ల వదలదు, బిడ్ మీద నొక్కితే అర్థం కూడా చూపిస్తుంది. కానీ టూ ఓవర్ వన్ పద్ధతి ఆడే ఆ యంత్రంతో బేరం కుదరదు, సర్దుకుపోవాల్సింది ఎప్పుడూ మనమే.

కొత్త జోడీకి ఇంప్స్ లెక్క ఉన్న బల్ల మేలు. అక్కడ అదనపు పట్టుకి పెద్ద విలువ లేదు, కాంట్రాక్టు నెగ్గితే గొడవ ఉండదు. మ్యాచ్‌పాయింట్లలో ఆ ఒక్క పట్టు కోసమే స్నేహాలు చెడతాయి.

ఆ పెద్దమనిషితో ఇప్పటికీ ఆడుతున్నాను, ఆయనకు ఉదయం కాఫీ వేళ, నాకు రాత్రి భోజనాలయ్యాక. మా ఒప్పందం ఇప్పుడు రెండు పేజీలకు పెరిగింది. ప్రస్తుతం తగవంతా టూ డైమండ్స్ బిడ్ అర్థం మీద నడుస్తోంది. ఆయనకు మల్టీ కావాలట, నాకు వీక్ టూ చాలు.