ఇంటిపేరు దొరికింది, ఇల్లాలి పేరేది?
(పందొమ్మిదో శతాబ్దపు కుటుంబాల రికార్డులను చదవడం గురించి)

వంశవృక్షాలు అచ్చు వేసుకోవడం మన తెలుగు కుటుంబాల్లో కొత్త అలవాటేమీ కాదు. షష్టిపూర్తికో, కుటుంబ సమ్మేళనానికో ఒక చిన్న పుస్తకం వెలువడుతుంది. మొదట గోత్రం, తరవాత ఇంటిపేరు, ఆ పైన ఏ ఊరి నుంచి ఎందుకు వలస వచ్చారో చెప్పే ఒక కథ, చివర మడత పెట్టిన పెద్ద కాగితం మీద వృక్షం. మదురై, హోసూరు, బళ్ళారి, షోలాపూర్, బరంపురం, యానాం - ఎక్కడ స్థిరపడినవారి పుస్తకం చూసినా నిర్మాణం ఇంచుమించు ఒకటే. ఆ వృక్షంలో కొమ్మలన్నీ సాధారణంగా మగవారివే. ఏడు తరాల తాతల పేర్లు వరసగా కనిపిస్తాయి. రెండు మూడు తరాలు దాటి పైకి వెళితే అమ్మమ్మల పేర్లూ నాయనమ్మల పేర్లూ దొరకడం అరుదు.

ఈ వృక్షం వారసత్వాన్ని చెబుతుందే గాని కుటుంబ జీవితాన్ని చెప్పదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరిని పెంచారు, ఏ ఆడపడుచు పుట్టింటికి తిరిగి వచ్చింది, దత్తత ఎందుకు జరిగింది, ఇల్లరికపు అల్లుడు ఎవరు - ఇవేవీ అందులో ఉండవు. కారణం అడిగితే, 'ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేర్లు రికార్డులకు ఎక్కలేదు' అంటారు. ఈ జవాబు సగమే నిజమని మా అభిప్రాయం. మిగతా సగం మనం ఏ రికార్డును చూస్తున్నాం, ఎలా చదువుతున్నాం అన్నదాని మీద ఆధారపడి ఉంది.

1. రికార్డు ఎవరి ప్రశ్నకు జవాబు?

ఏ రికార్డయినా ఒక ప్రశ్నకు జవాబుగానే పుడుతుంది. ఆ ప్రశ్న అడిగింది కుటుంబం కాదు, కచేరీ. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈనాం కమిషన్ను నియమించింది. గంజాం మొదలుకొని బళ్ళారి, సేలం, మదుర జిల్లాల దాకా ఊరూరా ఈనాం భూముల విచారణ జరిగింది. ఆ రిజిస్టర్లలో మొదటి గ్రహీత పేరు, ప్రస్తుతం అనుభవిస్తున్నవారి పేరు, వయస్సు, నివాసం, మొదటి గ్రహీతతో ఉన్న బంధుత్వం, బతికి ఉన్న వారసులు - ఇన్ని వివరాలున్నాయి. పూర్వీకుల కోసం వెతికే విద్యార్థికి ఇది పెన్నిధి.

అయితే కమిషన్ అడిగిన ప్రశ్నను మరవకూడదు. ఈ ఈనాం చెల్లుతుందా? అనుభవదారు తరవాత ఇది ఎవరికి పోతుంది? ఈ రెంటికీ అవసరమైనంత మేరకే కుటుంబం అక్కడ నమోదయింది. కొడుకులున్న ఇంట్లో భార్యకూ కూతుళ్ళకూ ఆ లెక్కలో పని లేదు. కొడుకులు లేకుండా భర్త పోయిన ఇంట్లో మాత్రం విధవరాలు హఠాత్తుగా పేరుతో, వయస్సుతో ప్రత్యక్షమవుతుంది. అంటే ఆ రిజిస్టరులో స్త్రీ పేరు కనబడిన చోట సాధారణంగా ఒక నష్టం జరిగి ఉంటుంది. దేవాలయ సేవకు దేవదాసీలకిచ్చిన మాన్యాలు దీనికి మినహాయింపు. అక్కడ హక్కుదారు స్త్రీయే కనుక ఆమె పేరు సూటిగా కనిపిస్తుంది.

ఇక్కడ భౌగోళికమైన చిక్కు కూడా ఒకటుంది. గంజాం 1936లో ఒరిస్సాలో కలిసింది, బళ్ళారి 1953లో మైసూరులో చేరింది. ఇవాళ వేరే రాష్ట్రంలో ఉన్న ఊరి పాత కాగితాలు మద్రాసు పేరుతో ఉండవచ్చు. పూర్వీకుణ్ణి వెతికేవారు ఇప్పటి సరిహద్దును కాక అప్పటి సరిహద్దును పట్టుకుని పోవాలి.

2. కావ్యావతారిక అనే వంశపత్రం

కచేరీకి పూర్వమే తెలుగులో వంశాన్ని నమోదు చేసే ఒక పద్ధతి ఉంది. అది మన ప్రబంధాల అవతారిక. కవి వంశవర్ణన, కృతిపతి వంశవర్ణన అనేవి అలంకారం కోసం చేర్చిన భాగాలుగా మనం పరీక్షలకు చదివి వదిలేస్తాం. వాటిని వంశపత్రాలుగా చదివితే ఒక విశేషం బయటపడుతుంది. ఆశ్వాసాంత గద్యలో కవి సాధారణంగా తండ్రి పేరే చెప్పుకుంటాడు. అవతారికలో మాత్రం తల్లి పేరు కూడా చెబుతాడు. భాగవతం గద్యలో పోతన కేసనమంత్రి పుత్రుడు. తల్లి లక్కమాంబ పేరు తెలియాలంటే అవతారికకే వెళ్ళాలి. గద్యది ముద్ర వేసే పని, అవతారికది వంశాన్ని తలచుకునే పని. ఒకే గ్రంథంలో ఈ రెండూ రెండు రకాల రికార్డులు.

తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని ముద్దుపళని కథ ఈ సందర్భంలో మనకు ముఖ్యం. ఆమె 'రాధికా సాంత్వనము' అవతారికలో తన పరంపరను నాయనమ్మ, మేనత్తల ద్వారా చెప్పుకుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక తెలుగు స్త్రీ తన వంశాన్ని తానే రాసిన పత్రం అది. 1887లో ఆ కావ్యాన్ని అచ్చు వేసినప్పుడు పరిష్కర్త వెంకటనరసు కొన్ని పద్యాలతోపాటు ఆ అవతారికను కూడా వదిలేశాడు. తరవాత బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతిని సంపాదించి 1910లో పరిష్కరించి ప్రచురించింది. 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించడం, 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో ఆ నిషేధం తొలగడం సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం.

ఈ వివాదంలో శృంగారాన్ని గురించే అందరూ మాట్లాడారు. మనం గమనించవలసింది మరొకటుంది. ఆ 1887 ప్రతి ఒక్కటే చేతికందిన పాఠకుడు, ముద్దుపళని తన వంశం గురించి ఏమీ చెప్పలేదనే అనుకుంటాడు. చెప్పకపోవడం వేరు, చెప్పినదాన్ని తీసేయడం వేరు. స్త్రీల పేర్లు రికార్డుకు ఎక్కలేదనే మాటను ఎందుకు అనుమానించాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు. పేరు మొదట రాయనే లేదా, రాశాక తొలగిపోయిందా అన్నది ప్రతిసారీ వేసుకోవలసిన ప్రశ్న.

3. రెండు పేర్ల మనిషి

పందొమ్మిదో శతాబ్దంలో మనవాళ్ళు ఆత్మచరిత్రలు రాయడం మొదలుపెట్టారు. మద్రాసు సదరు కోర్టులో 1815 నుంచి 1829 వరకు అనువాదకుడుగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు ఇంగ్లీషులో తన జీవితం రాసుకున్నాడు. ఆయన కుమారుడు దాన్ని 1873లో బంధుమిత్రుల సమాచారం కోసమంటూ ప్రచురించాడు. తండ్రి కథ లోకానికి కాక ముందు చుట్టాలకు తెలియాలన్న ఆ ఉద్దేశం గమనించదగ్గది. వంశచరిత్ర పుస్తకాలకు దీన్ని మూలపురుషుడనవచ్చు.

కందుకూరి వీరేశలింగం 'స్వీయచరిత్రము' మరో పాఠం నేర్పుతుంది. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మను అందరం ఎరుగుదుం. ఆమెకు పుట్టింట పెట్టిన పేరు బాపమ్మ. పెళ్ళి తరవాత అత్తవారింట రాజ్యలక్ష్మి అయింది. ప్రసిద్ధుల ఇల్లు గనుక ఈ సంగతి మనకు తెలిసింది. సామాన్యుల ఇంట్లో ఇదే జరిగితే? పుట్టింటి కాగితంలో ఒక ఇంటిపేరుతో ఒక బాపమ్మ, అత్తింటి కాగితంలో మరో ఇంటిపేరుతో ఒక రాజ్యలక్ష్మి. రికార్డుల్లో ఇద్దరు మనుషులు, ఇంట్లో ఒక్కరే. మొదటి పేరు దగ్గర ఆగిపోయినవాడు ఆ పిల్ల ఏమైపోయిందో తెలియదంటాడు. రెండో పేరు దగ్గర మొదలుపెట్టినవాడు ఈమె ఎక్కడినుంచి వచ్చిందో తెలియదంటాడు.

మగవారి పేర్లలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మనలో తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఇంటిపేరుతో ఒకే వెంకటప్పయ్య యాభై అరవై ఏళ్ళ తేడాతో రెండుసార్లు కనబడితే అతను దీర్ఘాయుష్మంతుడని మురిసిపోరాదు. వయస్సు వేసిన మరో కాగితం దొరికేదాకా వారిద్దరినీ వేరువేరుగానే ఉంచాలి. దత్తు పోయినవాడికి ఇంటిపేరూ గోత్రమూ మారుతాయి, అది మరో మడత.

ఆంధ్రదేశం వెలుపల ఇంటిపేరుకే స్థిరత్వం లేదు. తమిళనాట చాలా కుటుంబాల్లో అది కాగితాల మీదనుంచి జారిపోయి, తండ్రి పేరు మొదటి అక్షరం మిగిలింది. ఇంటిపేరు పెళ్ళి సంబంధాలప్పుడే బయటికి వస్తుంది. షోలాపూర్ పద్మశాలీలకు అది మరాఠీ మర్యాదలో పేరు చివరికి చేరింది. కాగితంలో ఇంటిపేరు లేదంటే ఇంటికి పేరు లేదని అర్థం కాదు.

4. యానాం పుస్తకం, నెటాల్ ఓడ

ఇప్పుడు రెండు పరాయి ప్రభుత్వాల రికార్డులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో 1880 నాటి డిక్రీతో దేశీయుల జనన మరణ వివాహాలకు పౌర రిజిస్టర్లు తప్పనిసరి అయ్యాయి. ఫ్రెంచి సివిల్ కోడ్ ప్రకారం జనన పత్రంలో బిడ్డ పుట్టిన రోజు, గడియ, స్థలం, తల్లిదండ్రులిద్దరి పేర్లు, వృత్తి, నివాసం, సాక్షుల వివరాలు రాయాలి. అంటే తల్లి పేరు అక్కడ దయాధర్మం కాదు, విధి. యానాం నుంచి వచ్చిన విద్యార్థులు తమ ముత్తవ్వ పేరు తెలియదంటే, ఈ పుస్తకాలు చూశాక ఆ మాట అనాలి. ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఉన్న వలస రాజ్యాల పురాలేఖాగారంలో కూడా వాటి ప్రతులున్నాయి. తెలుగు పేర్లు ఫ్రెంచి వర్ణక్రమంలో ఉంటాయి గనుక కంటితో కాక నోటితో చదవాలి. పైకి చదివితే చాలా పేర్లు వాటంతట అవే తెలుగవుతాయి.

రెండోది నెటాల్ కూలీల జాబితా. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా అక్కడికి వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు మీదుగా పోయినవారే. గంజాం, విశాఖపట్నం, ఉత్తరార్కాడు జిల్లాల తెలుగువారు అందులో ఎందరో. కనుక ఇవాళ ఒరిస్సాలోనో తమిళనాడులోనో ఉన్న కుటుంబానికి తప్పిపోయిన ఒక కొమ్మ ఈ జాబితాలో దొరకవచ్చు. ప్రతి మనిషికీ ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు రాశారు. అప్పలస్వామి, అప్పలమ్మ వంటి పేర్లు కనబడితే సింహాచలం అప్పన్న ఛాయల్లోని ఊళ్ళవైపు చూడవచ్చు.

ఈ జాబితాలో స్త్రీకి విడిగా నెంబరుంది, విడిగా పేరుంది. ఈనాందారు ఇంటి ఇల్లాలికి తన ఊరి రిజిస్టరులో దక్కని వరస, కూలికి పోయిన అప్పలమ్మకు పరాయి దేశపు పుస్తకంలో దక్కింది. దీన్ని గౌరవమని పొరబడరాదు. ఆమె కూడా పని చేసే రెండు చేతులు గనుక లెక్కలోకి వచ్చింది. పరువైన రికార్డు ఆమెను దాచింది, పరువులేని రికార్డు ఆమెను లెక్కపెట్టింది. ఈ రెంటి మధ్య నిలబడి చదవగలిగినప్పుడే కుటుంబ చరిత్ర విమర్శ అవుతుంది.

5. మనం చేయవలసింది

వంశవృక్షం గీయబోయే విద్యార్థికి మేము చెప్పేది ఇది. రిజిస్ట్రేషన్ ఆఫీసుల దస్తావేజులు ముందు చూడండి. పసుపుకుంకుమ కింద కూతురికిచ్చిన భూమి, విధవరాలి మనోవర్తి, దత్తత పత్రం, అన్నదమ్ముల పంపకం - ఆడవారు ఇక్కడ పేరుతో కనబడతారు. ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య అనే ఆ మాటల్లోనే రెండు ఇంటిపేర్లు కలుస్తాయి. పేరు మారిన మనిషిని పట్టుకునే దారం అదే. ఒక్క రికార్డులో ఉన్నదాన్ని నిజమనకండి, ఒక్క రికార్డులో లేనిదాన్ని లేదనకండి. రెండు కాగితాలు ఎక్కడ పొసగలేదో అక్కడ ఆగండి. కుటుంబ జీవితం చాలాసార్లు ఆ పొసగని చోటే ఉంటుంది.

మూలపురుషుడు విజయనగర సేనాని అని చెప్పే వలస కథను కొట్టిపారేయనక్కరలేదు. అది కథగా ఒక పుటలో ఉండవచ్చు, వృక్షంలోకి మాత్రం సాక్ష్యం ఉన్నవారే రావాలి. పేరు దొరకని స్త్రీ స్థానంలో ఖాళీ గడి గీయండి, అంతేగాని గీత చెరిపేయకండి. ఖాళీ గడి ఉంటే తరవాత వచ్చేవారు వెతుకుతారు. గడే లేకపోతే అక్కడ ఒక మనిషి ఉండేదన్న సంగతి కూడా వారికి తెలియదు.