సీటు కింద నూనె డబ్బా

కార్తీక అమావాస్యకి పద్మనాభం కొండమెట్ల మీద దీపాలు పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. పోయినేడు నువ్వులనూనె డబ్బా ఒరిగిపోకుండా కారు ముందు సీటు కిందకి గట్టిగా తోశాను. దీపాలు పెట్టి, కొండ దిగి బండి స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డులో ఇంకో దీపం: బెల్టు కట్టుకున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బుడగ.

తాళం తిప్పగానే ఇది వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవడం మామూలే. ఆరలేదంటే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు.

దారిలో షెడ్డు కుర్రాడు చూసి, "ఏటీ కాదు బాబూ, మీటర్లో ఆ లైటు కట్ చేసేస్తే సరిపోద్ది" అన్నాడు. 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. షెడ్డుల్లో వైద్యం మాత్రం ఇంకా ఇదే. పాత బండి కొనేవాళ్లు తాళం తిప్పినప్పుడు ఆ దీపం అసలు వెలుగుతోందో లేదో చూసుకోండి. వెలగలేదంటే ఎవరో దాని నోరు నొక్కేసి ఉండొచ్చు.

విశాఖలో నాకు తెలిసిన పెద్దాయన దగ్గరికి వెళ్లాను. స్టీరింగ్ కింద క్లాక్ స్ప్రింగ్ పోయిందని నేను ముందే తీర్పు చెప్పేశాను. ఆయన మాట్లాడకుండా స్కానర్ పెట్టారు. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఇది ఎయిర్‌బ్యాగు కోడ్లూ చదివేది. ఎడమ సీటు, సైడ్ బ్యాగు, రెసిస్టెన్స్ ఎక్కువ అని చూపించింది.

ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, "టీ తాగొద్దాం రండి" అన్నారు. గుద్దుడులో బ్యాటరీ తెగినా బ్యాగు పేలాలి కాబట్టి కెపాసిటర్‌లో కాస్త కరెంటు దాచి ఉంచుతారు. అది దిగేదాకా వైరు ముట్టుకోకూడదట. "మల్టీమీటర్ పెట్టి చూడరా?" అంటే నన్ను ఎగాదిగా చూశారు. మీటరు పంపే కరెంటుకే బ్యాగు పేలొచ్చు.

తిరిగొచ్చి సీటు వెనక్కి జరిపి టార్చి వేశారు. పసుపు సాకెట్. ఎయిర్‌బ్యాగు వైర్లకి ఆ రంగే గుర్తు. లాకు సగం ఊడి ఉంది. సముద్రగాలికి చిలుము పట్టిందేమోనని పిన్నులు చూశారు, లేదు. టక్‌మనేదాకా నొక్కి, బ్యాటరీ తగిలించి, కోడ్ చెరిపారు. తాళం తిప్పితే దీపం వెలిగి ఆరిపోయింది.

ఆయన వేళ్లు వాసన చూసుకుని, "నువ్వులనూనె ఏంటండీ ఇక్కడ?" అన్నారు.