'గబ్బిలము'లో ఆదరణ: ఒక కాపరి పఠనము

గుర్రం జాషువ 'గబ్బిలము' (1941)పై తోటి సేవకుల నోట నేను విన్న ఆక్షేపణ ఒకటున్నది. వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టి, తరువాత 'క్రీస్తు చరిత్ర' రచించిన కవి, అంటరానివాని మొరను కాశీ విశ్వనాథునికి ఎందుకు పంపెను? నా దృష్టిలో ఇది సరియైన ప్రశ్న కాదు. తలుపు మూసిన చోటికే ఫిర్యాదు వెళ్లవలెను. కవి ఆ పనే చేశాడు.

మనము అడుగవలసినది గబ్బిలమును గూర్చి. విమర్శకులు దానిని కాళిదాసు మేఘముతో పోల్చి ఊరుకుంటారు. మేఘము మోసినది విరహము. ఇది మోసినది ఆకలి, అవమానము. ఇంటిలో దూరితే అపశకునమని మనము తరిమే ప్రాణి అది. అయినను మనిషికి లేని ప్రవేశము గుడిలో దానికున్నది. కథానాయకుడు దానిని జాలిపడమని కోరడు. వెళ్లి, పూజారి లేని వేళ చూచి, తన మాట చెప్పమంటాడు.

ఇక్కడ మన బైబిలు అనువాదము జ్ఞాపకము వస్తుంది. యోహాను 14:16లో 'ఆదరణకర్త' అనియు, 1 యోహాను 2:1లో 'ఉత్తరవాది' అనియు ఉన్న రెండు మాటలకు గ్రీకు మూలములో పదము ఒక్కటే. ఓదార్చుట, పక్షమున మాటలాడుట అను రెండింటిని మన ప్రసంగములు విడదీశాయి. మొదటిది మనకు సులువు.

కావ్యములో లోటు లేకపోలేదు. ఆద్యంతము ఒక్కని గొంతే. పొరుగువాడు బదులు పలుకడు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హతులైనప్పుడు, మిగిలినవారు చీరాలకు వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడ దుఃఖము ఒంటరిది కాలేదు. కూడు, నీడ, న్యాయపోరాటము ఒక్క శిబిరములోనే నడిచాయి. ఆ సంవత్సరమే దళిత మహాసభ ఏర్పడినది. జాషువ కథానాయకునికి దొరకనిది అదే.

ఈ మాటలు వ్రాయుటకు నాకేమి అర్హత ఉన్నదో తెలియదు. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటలను ఊడ్చినప్పుడు మా సంఘములోని ఒక కౌలురైతు ఇంటికి వెళ్లాను. కౌలు కార్డుకు భూయజమాని సంతకము కావలెను. "అయ్యగారూ, ఆయన దగ్గరకు నాతో ఒక్కసారి రండి, మీరుంటే కాదనడు" అన్నాడు. నేను ప్రార్థన చేసి, కీర్తన ఒకటి చదివి, వచ్చేశాను. ఆ ఏడు అతనికి కార్డు రాలేదు. ఆదివారము గుడికి మాత్రము వచ్చాడు. వెనుక వరుసలో కూర్చున్నాడు. 'గబ్బిలము' మరల తెరచినది ఆ తరువాతనే.